కారుకు అలుపు లేదు

ఈ వారం వంటలూ ఊరగాయలూ పక్కన పెడదాం. వేసవి సెలవుల ప్రయాణాల మాట చెప్పుకుందాం.

హైదరాబాదు నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. పేరు వేయవద్దంది. "మాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి ఆరేళ్ళు, చిన్నదానికి రెండున్నర. చిన్నదాని పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతికి కారులోనే వెళ్దామంటున్నారు మా వారు. కిందటిసారి విజయవాడ వెళ్ళి వచ్చేసరికే నా ప్రాణం విసిగిపోయింది. వెనక సీటులో యుద్ధం, వాంతులు, ఏడుపులు. తిరుపతి దానికి రెండింతల దూరం. ఎలా బతికి బయటపడాలో కాస్త చెప్పండి" అని ఆమె ఉత్తరం సారాంశం.

ఉత్తరం చదివి మా వారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ దారిలోనే, ఆ పుట్టువెంట్రుకల ప్రయాణంలోనే, నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ఇన్నాళ్ళూ ఈ శీర్షికలో దాని ఊసు ఎత్తలేదు. ఈ అమ్మాయి అడిగింది గనుక చెబుతాను.

మాది చిత్తూరు. అబ్బాయి ఉద్యోగం హైదరాబాదులో. మేమిద్దరం ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. మనవడికి మూడో ఏడు వచ్చింది, పుట్టువెంట్రుకలు కొండ మీద తీయించాలి. మనవరాలికి అప్పటికి ఏడేళ్ళు. ఆరుగురం ఒకే బండిలో పోదామన్నాడు అబ్బాయి. హైదరాబాదు నుంచి కర్నూలు, నంద్యాల, కడప మీదుగా తిరుపతికి 550 కిలోమీటర్లకు పైన ఉంటుంది.

"రాత్రి పదింటికి బయలుదేరితే తెల్లారేసరికి తిరుపతి చేరతామమ్మా. పిల్లలు నిద్రపోతారు, మనకు గొడవుండదు" అన్నాడు వాడు. ఆ మాట మాకందరికీ తీపిగానే తోచింది. పగలంతా ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి రాత్రంతా బండి నడుపుతాడే, వాడికి నిద్ర రాదా అని మాలో ఒక్కరికీ తోచలేదు.

నా తప్పు అది కాదు. అంతకంటే పెద్దది. కోడలు పిల్లవాడి కోసం ప్రత్యేకంగా ఒక సీటు కొన్నది. కారు వెనక సీటుకు బిగించి, అందులో బిడ్డను కూర్చోబెట్టి, భుజాల మీదుగా పట్టీలు వేసి కట్టేది. బయలుదేరేముందు చూశాను. వాడు ఏడుస్తున్నాడు. "అంత పసిబిడ్డను దొంగను కట్టినట్టు కట్టేస్తారా? నా ఒళ్ళో పడుకుంటాడు, ఇటియ్యి" అన్నాను.

"వద్దత్తా, రోడ్డు మీద ఎట్లుంటుందో తెలీదు" అన్నది కోడలు.

"మేము పిల్లల్ని పెంచలేదా?" అన్నాను. ఆ మాట అన్న తరువాత ఏ కోడలు ఎదురు చెబుతుంది? సీటు డిక్కీలోకి పోయింది. నేను ముందు సీటులో కూర్చున్నాను. నాకు బెల్టు పెట్టుకున్నాను. వాడిని ఒళ్ళో వేసుకున్నాను.

కర్నూలు దాటాం, నంద్యాల దాటాం. టీ కోసం ఒకచోట తప్ప బండి ఆగింది లేదు. పెద్దది రెండుసార్లు "అవ్వా, ఒంటికి" అన్నది. "ఇదిగో వచ్చేస్తుంది, ఇంకొంచెం ఓర్చుకో" అన్నాం. కడప దాటాక వాంతి చేసుకున్నది. గుడ్డతో తుడిచి మళ్ళీ కదిలాం. తెల్లవారుజామున కోడూరు దాటి అడవి దారిలో పడ్డాం. వెనక అందరూ నిద్ర. నాకూ కునుకు పట్టింది. అబ్బాయి రెప్ప కూడా వాలిందో ఏమో, అడవిపంది ఒకటి రోడ్డుకు అడ్డం రావడం దగ్గరికొచ్చేదాకా చూడలేదు. చూసి బ్రేకు మీద నిలబడ్డాడు.

బండి దేనికీ తగలలేదు. ఉన్నచోటనే ఆగింది. నాకు బెల్టు ఉంది గనుక నేను సీటులోనే ఉన్నాను. నా రెండు చేతులూ ఉన్నచోటనే ఉన్నాయి. వాటి మధ్య బిడ్డ లేడు.

ముందున్న పలకకు మూతి కొట్టుకొని, నా కాళ్ళ దగ్గర పడ్డాడు. పెదవి చీలింది. ముందుపన్ను సగం విరిగింది. ఆ నెత్తురు నా చీర కొంగుతో ఎన్నిసార్లు తుడిచానో. తిరుపతిలో ఆసుపత్రికి పోతే మూడు కుట్లు వేశారు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నా కూతురి ఈడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "అమ్మా, మీకు ప్రేమ లేక కాదు, బలం చాలక. ఆ బలం ఎవరికీ ఉండదు" అని మాత్రం అన్నది.

ఆ మాట నాకు తరువాత మా వారు కాగితం మీద లెక్కవేసి చూపించారు. ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా గుద్దుకొని ఠక్కున ఆగితే, అందులో కట్టులేని బిడ్డ ఆగడు. అదే 60 వేగంతో ముందుకు పోతాడు. ఆ దెబ్బ 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి కింద పడినదానితో సమానం. ఆ క్షణంలో పన్నెండు కిలోల బిడ్డ మన చేతులకు మూడు క్వింటాళ్ళ బరువై తోస్తాడు. మూడు క్వింటాళ్ళు ఆపగలిగిన అవ్వ ఏ ఊళ్ళోనైనా ఉంటే నాకు రాయండి. అబ్బాయి సమయానికి వేగం తగ్గించాడు గనుక మాకు మూడు కుట్లతో పోయింది.

కొందరు తమ బెల్టులోనే బిడ్డను కూడా కలిపి కట్టుకుంటారు. అది మరీ ప్రమాదం. మన బరువంతా బిడ్డ మీద పడి, బెల్టుకూ మనకూ మధ్య వాడు నలిగిపోతాడు. ముందు సీటులో ఇంకొక గండం ఉంది. గుద్దుకున్నప్పుడు పెద్దల్ని కాపాడడానికి పొంగే గాలిసంచి పసివాడి ముఖానికి సమ్మెటపోటు. అందుకని పిల్లలెప్పుడూ వెనక సీటులోనే ఉండాలి. రెండేళ్ళ లోపు బిడ్డకు ముఖం వెనకవైపుకు తిరిగి ఉండే సీటు, ఆ పైన ముందుకు తిరిగి ఉండే పట్టీల సీటు, ఇంకా ఎదిగాక కారు బెల్టు మెడకు కాకుండా భుజం మీదికి సరిగ్గా వచ్చేదాకా ఎత్తుపీట. ఇది ముచ్చట కోసం చెప్పేది కాదు, చట్టంలోనూ ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, 14 ఏళ్ళ లోపు పిల్లలను బెల్టుగాని పిల్లల సీటుగాని లేకుండా తీసుకుపోతే 1000 రూపాయల జరిమానా అని పెట్టారు. వెనక కూర్చునే పెద్దలకూ బెల్టు కావాలి. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీటులోనే కూర్చున్నారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు.

ఇక ఆ సోదరి అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. సీటులో కట్టేస్తే ఏడుస్తారు, ఆపితే ఆలస్యం, ఆపకపోతే వాంతులు. మరి ఎలా?

నా చిన్నతనంలో మా పల్లె నుంచి తిరుమలకు పోవాలంటే పాకాల దాకా ఎద్దులబండి, అక్కడినుంచి చిన్న లైను రైలు. పాకాల మా ఊరికి ఆమడ దూరం. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసేవారు. పిల్లలం ఏడెనిమిదిమందిమి. ఎవరమూ వాంతి చేసుకున్న జ్ఞాపకం లేదు, ఒకళ్ళనొకళ్ళు గిచ్చుకొని ఏడ్చిన జ్ఞాపకం కొంచెమే. మేము బంగారుతల్లులమని కాదు. రెండు మూడు మైళ్ళకొకసారి ఎద్దులకు అలుపొచ్చేది. చింతచెట్టు కనబడితే బండి విప్పేవారు. ఎద్దులకు నీళ్ళు పెట్టేలోపల మేము దిగి పరుగెత్తి, బావి దగ్గర కాళ్ళు తడుపుకొని, చింతచిగురు నమిలి, మళ్ళీ ఎక్కేవాళ్ళం.

ఎద్దులకు అలుపుండేది గనుక పిల్లలకు విశ్రాంతి దొరికేది. కారుకు అలుపు లేదు. పెట్రోలు పోస్తే పోతూనే ఉంటుంది. అలసిపోయేది లోపలున్న పసివాళ్ళు. వాళ్ళ మాట వినేవాడు లేడు. ఇదే నాకు ఆ మూడు కుట్లు నేర్పిన పాఠం. ప్రయాణాన్ని బండి శక్తితో కొలవకూడదు; అందులో అందరికంటే చిన్నవాడి శక్తితో కొలవాలి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. మా వారి దగ్గర ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర ఉంది. ఆయన చెన్నపట్నంలో సుప్రీంకోర్టు దుబాసీగా పనిచేసినవారు. 1830 మే 18న పరివారంతో బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కడినుంచి కాశీ పోయారు. అంటే మన ఉత్తరం రాసిన అమ్మాయి ఇప్పుడు పోబోయే దారి చాలావరకూ ఆయనది, కాకపోతే ఎదురు దిక్కున. ఎక్కడ మజిలీ చేశారో, అక్కడ నీళ్ళున్నాయో లేదో, అంగళ్ళున్నాయో లేదో, ఊరూరికీ రాసుకుంటూ పోయారు. ఆయన లెక్కంతా మజిలీలతో. మనకేమో మజిలీ అనే మాటే మరుపున పడింది. "ఎన్ని గంటల్లో చేరావు?" అని అడుగుతాం, "ఎక్కడెక్కడ ఆగావు?" అని అడగం.

మరుసటి ఏడాది వేసవిలో మళ్ళీ అందరం హైదరాబాదు నుంచి చిత్తూరు రావలసి వచ్చింది. ఈసారి ప్రయాణం ప్లాను మా వారిది. "రెండు రాత్రులు దారిలో. మూడోనాడు ఇల్లు" అన్నారు. అబ్బాయి ముఖం చిట్లించాడు, సెలవు ఒకరోజు వృథా అని. కోడలు మాత్రం సీటు తెచ్చి, నా చేతికే ఇచ్చింది, "మీరే బిగించండత్తా" అని. ఎగతాళి కాదు, ఆమె గుణం అది. అబ్బాయి చూపించగా నేనే బిగించాను.

వాడు మొదట ఏడ్చాడు. నిజం చెబుతున్నాను, పావుగంట ఏడ్చాడు. అయితే కోడలు ఒక ఉపాయం చేసింది. ప్రయాణానికి వారం ముందునుంచే సీటును ఇంట్లో హాలులో పెట్టి, వాడికి బొరుగులు అందులోనే కూర్చుంటే పెట్టింది. దాన్ని వాడు తన సింహాసనం అనుకున్నాడు. పైగా "బండి కదలాలంటే అందరూ బెల్టు పెట్టుకోవాలి, తాత కూడా" అని నియమం పెట్టాం. తాత బెల్టు పెట్టుకోలేదేమోనని వాడే తనిఖీ చేయడం మొదలుపెట్టాడు. అధికారం ఇస్తే ఏడుపు ఆగిపోతుందని అప్పుడు తెలిసింది.

తెల్లవారి అయిదున్నరకు, అందరం నిండా నిద్రపోయి లేచి, బయలుదేరాం. రెండు గంటలకొకసారి ఆగాం. ఏడ్చినప్పుడు ఆపడం కాదు, ఏడవకముందే ఆపడం. ఇది ముఖ్యం. ఏడ్చాక ఆపితే, ఏడిస్తే బండి ఆగుతుందని వాళ్ళకు తెలిసిపోతుంది. ఇక మనకు గతి లేదు. పెట్రోలు బంకుల్లో తాగే నీళ్ళు, టైర్లకు గాలి, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలని నియమం ఉంది. ఆడవాళ్ళం మొహమాటపడి అడగం. అడగండి. ఆగిన ప్రతిచోటా పిల్లలు పది నిమిషాలు పరుగెత్తాలి, మనం కూర్చోవాలి. చాలామంది ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది; మనం అంగడి చూస్తుంటే పిల్లలు కారులోనే కూర్చుంటారు.

కారులో పిల్లల్ని వదలడం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "నిద్రపోతున్నాడు, లేపడమెందుకు, అయిదు నిమిషాల్లో వస్తాం కదా" అని తలుపులు వేసి పోవద్దు. ఎండలో మూసిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. బయట నలభై ఉండే మన సీమ ఎండల్లో లోపల ఎంతవుతుందో మీరే లెక్కవేసుకోండి. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు. తలుపులు పడిపోయాయి. నలుగురూ ఊపిరాడక పోయారు. ప్రయాణంలోనే కాదు, ఇంటి ముందు నిలిపినప్పుడు కూడా కారుకు తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందనిచోట పెట్టండి.

మొదటి రాత్రి మజిలీ నంద్యాలలో. తిరుపతికీ హైదరాబాదుకూ రమారమి సగం దారి అది. మధ్యాహ్నం మూడింటికే చేరి, సాయంత్రమంతా పిల్లల్ని ఆడనిచ్చాం. రెండోనాడు ఆరింటికి బయలుదేరితే ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన రాతి విగ్రహాలు చెక్కేవాళ్ళు పనిలో ఉన్నారు. పెద్దది అరగంట నిలబడి చూసింది. సగం చెక్కిన వినాయకుడికి తొండం ఎప్పుడొస్తుందని అడిగింది. ఎండ ముదరక ముందే ఒంటిమిట్ట చేరాం. కోదండరామస్వామి గుడి ప్రాకారం లోపల అంత విశాలంగా ఉంటుంది గదా, మనవడు చుట్టూ ప్రదక్షిణాలు చేశాడు, భక్తితో కాదు, కాళ్ళు చాచుకోవడానికి. రాజంపేట దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం వాళ్ళకు దూరం నుంచే కనబడాలని పందెం. కోడూరులో బొప్పాయి, అరటిపళ్ళు. చీకటి పడకముందే తిరుపతి. కిందటేడు నిద్రకళ్ళతో దాటిన దారిలో ఇన్ని ఉన్నాయని మాకు తెలియనే తెలియదు.

వాంతుల సంగతి. కంటికి ఒకటి, చెవికి ఒకటి తోచడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. లోపలి చెవిలో మన కదలికను కనిపెట్టే భాగం ఉంది. బండి మలుపు తిరిగితే అది "కదులుతున్నాం" అంటుంది. కళ్ళు ఫోను మీదో పుస్తకం మీదో ఉంటే "కదలడం లేదు" అంటాయి. ఈ తగాదాకు కడుపు తిప్పుతుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలకు ఇది ఎక్కువ. కనుక మలుపుల దారిలో ఫోను ఇవ్వకండి. ముందున్న అద్దంలోంచి దూరంగా రోడ్డును, కొండను చూడమనండి. కిటికీ కాస్త దించి గాలి తగలనివ్వండి. ఖాళీ కడుపు పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. రెండు ఇడ్లీలు మంచిది. పాలు, పూరీలు, నూనె వస్తువులు వద్దు. నిమ్మకాయ వాసన చూపిస్తే కొందరికి ఊరట. మందు మాత్రం డాక్టరును అడగకుండా పిల్లలకు వేయవద్దు. పెద్దలవి పిల్లలకు పనికిరావు. రెండు పాత తువాళ్ళు, నాలుగు సంచులు, ఒక జత బట్టలు డిక్కీ అడుగున కాకుండా చేతికందేటట్టు పెట్టుకోండి.

ఇది కొండదారిలో మరీ అవసరం. తిరుమలకు మొదటి ఘాటు రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు నడకో, డోలీనో. ఎక్కడానికి ప్రత్యేకంగా రెండో రోడ్డు 1970లలో వేశారు. ఇప్పుడు పాత రోడ్డున దిగుతారు. బండ్లు తొందరపడకూడదని ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం పెట్టింది. చూడండి, నెమ్మదిగా పొమ్మని చట్టం చేయవలసి వచ్చింది మనకు! అలిపిరిలో తనిఖీకి అందరూ దిగాలి, సామాను దింపాలి. ఆ సందు పిల్లలకు మజిలీ అనుకోండి, విసుక్కోకండి. పిల్లల డబ్బాలో ఉడికించిన గుడ్డు ఉంటే కింద ఊళ్ళోనే తినిపించేయండి, కొండ మీదికి పనికిరాదు. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం దారిన దర్శనం ఉంది. బిడ్డ పుట్టినతేదీ కాగితం మరచిపోకండి.

బెంగుళూరు వైపు నుంచి వచ్చేవాళ్ళకు మొగిలి ఘాటు, మదనపల్లె వైపు నుంచి వచ్చేవాళ్ళకు భాకరాపేట ఘాటు తగులుతాయి. 2022 మార్చిలో భాకరాపేట ఘాటులో నిశ్చితార్థానికి వస్తున్నవాళ్ళ బస్సు రాత్రివేళ లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాటులో బస్సూ లారీలూ గుద్దుకున్నాయి. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. పిల్లలతో ఈ ఘాట్లు రాత్రిపూట దాటకండి. తెల్లవారుజాము రెండు నుంచి అయిదు దాకా మనిషికి నిద్ర తోసుకొచ్చే వేళ. నడిపేవాడు ఎంత గట్టివాడైనా సరే. జాతీయ రహదారిలో ఏ చిక్కొచ్చినా 1033కు, దెబ్బలు తగిలితే 108కి ఫోను చేయాలని పెద్దపిల్లలకు కూడా నేర్పండి.

ఇక వెనక సీటు యుద్ధం. దానికి మా వారు నదుల ఆట కనిపెట్టారు. హైదరాబాదు నుంచి చిత్తూరుకు ఏడు నదులు దాటాలి. బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలులో తుంగభద్ర, నంద్యాలలో కుందూ, చెన్నూరు దగ్గర పెన్న, నందలూరు దగ్గర చెయ్యేరు, తొండవాడ దగ్గర స్వర్ణముఖి, చిత్తూరులో నీవా. ముందుగా చూసి పేరు చెప్పినవాళ్ళకు మార్కులు. నీళ్ళుంటే ఒక మార్కు, ఇసుకే ఉంటే రెండు. సీమలోకి వచ్చాక మార్కులు ఎట్లా పెరిగిపోయాయో నేను చెప్పనక్కరలేదు. "తాతా, ఇంత ఇసుక ఉండే నదికి నీళ్ళు యాడికి పోయినాయి?" అని పెద్దది అడిగింది. దానికి జవాబు చెప్పడానికి ఆయనకు కోడూరు దాకా పట్టింది. ఆ గంటలో ఎవరూ ఎవరినీ గిచ్చలేదు.

మూడోనాడు పొద్దున తిరుపతి నుంచి చిత్తూరు. డెబ్భై కిలోమీటర్లే. ఇంటి ముందు బండి ఆగితే మనవడు దిగనన్నాడు. "ఇంకో మజిలీ పోదాం అవ్వా" అన్నాడు. కిందటేడు కారు అంటేనే నా మెడ కరిచిపట్టుకొని ఏడ్చిన పిల్లవాడు.

కాబట్టి అమ్మాయీ, నువ్వు బతికి బయటపడడానికి పెద్ద ఉపాయమేమీ లేదు. ఒక రోజు ఎక్కువ పెట్టుకో. ఒక రాత్రి దారిలో పడుకోండి. ఒక గది అద్దె ఖర్చవుతుంది, కాదనను. కానీ ఆసుపత్రి ఖర్చూ, ఆ తరువాత మనసు పడే బాధా దానికంటే ఎక్కువ. మీ చిన్నదాన్ని దాని సీటులో కట్టు. అత్తగారో అమ్మగారో "మేము పిల్లల్ని పెంచలేదా?" అంటే, ఈ పత్రిక తెరిచి వాళ్ళ ముందు పెట్టు. నీకంటే ముందు ఆ మాట అన్నదాన్ని నేనే.

మనవడి గుండు ఫొటో మా హాలులో ఉంది. గంధం పూసిన తల, కొత్త పట్టుపంచె. వచ్చినవాళ్ళందరూ "ఎంత ముద్దుగా ఉన్నాడో" అంటారు. పెదవి మీది కుట్లు ఎవరికీ కనబడవు. నాకు అవే కనబడతాయి. కోడలు ఇంతవరకూ ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. అందుకే నేనే ఎత్తాను.

పిల్లలతో దూరప్రయాణాలు చేసిన సోదరీమణులు మీ మజిలీల కబుర్లు రాయండి. బాగా జరిగినవే కాదు, జరగనివి కూడా. వాటివల్లనే పదిమందికి మేలు.